రెండు చేతుల్లో ట్రే ఉంటే రెయిలింగ్ ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. ఐస్ నీళ్లతో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గ్రేడింగ్ నుంచి ఫ్రీజర్ వైపు వెళ్లే దారి కాస్త ఏటవాలు. అక్కడ 'రెయిలింగ్ పట్టుకుని నడవండి' అని బోర్డు పెట్టారు. కానీ రెండు చేతులతో ట్రే మోసేవాళ్లం దేంతో పట్టుకోవాలి? ఇచ్చిన గమ్ బూట్ల అడుగులు కూడా అరిగిపోయాయి.

పోయిన వారం మాతో పనిచేసే అక్క అక్కడే జారిపడింది. మణికట్టు విరిగింది. రెయిలింగ్ పట్టుకోలేదని ఆవిడకే మెమో ఇచ్చారు! చూసి చాలా బాధేసింది.

జారే పదార్థాలు లేకుండా నేలను ఉంచాలని, 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లో ఉండేదని చదివాను. అంటే ముందు నేల సంగతి చూడాల్సింది యాజమాన్యమే కదా? గరుకు మ్యాట్లు, ట్రేలకు ఒక ట్రాలీ అడిగితే సూపర్‌వైజర్ "చూద్దాం" అంటున్నారు.

ఇంకో టెన్షన్ ఏంటంటే, అక్క సెలవును మామూలు అనారోగ్యంగా రాస్తున్నారు. అలా అయితే ఈఎస్ఐలో జీతంలో 70 శాతమే వస్తుంది, పనిలో దెబ్బగా రాస్తే 90 శాతం. ఇద్దరు పిల్లలున్న ఆవిడకు ఆ తేడా చాలా పెద్దది.

మెమోకు జవాబులో ఏం రాయాలి? ప్రమాద రిపోర్టు కోసం ముందు ఈఎస్ఐ బ్రాంచికి వెళ్లాలా, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు రాయాలా? ఉద్యోగం పోకుండా ఇలాంటిది సాధించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.