సోడియం టెరెఫ్తాలేట్‌ని నానో చేసినా కెపాసిటీ పెరగట్లేదు, ఎక్కడ పోతోంది?

కాయిన్‌సెల్_కష్టాలు:
పీహెచ్‌డీ రెండో ఏడాది, సోడియం అయాన్ బ్యాటరీకి ఆర్గానిక్ యానోడ్ మీద పని చేస్తున్నా. డైసోడియం టెరెఫ్తాలేట్‌ని నీళ్లలో కరిగించి ఇథనాల్‌లోకి పోస్తే సన్నటి పొడి దిగింది, సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) 100 నానోమీటర్ల మందం రేకులు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. లెక్క ప్రకారం గ్రాముకి 255 మిల్లీయాంప్ అవర్ రావాలి, నాకు 140 దాటట్లేదు, ముతక పొడికీ ఇంతే వచ్చింది! కరెంటు పారడానికి 30 శాతం సూపర్ పి కార్బన్, అతికించడానికి 10 శాతం సీఎంసీ బైండర్, ఫాయిల్ మీద పూయడానికి నీళ్లతో స్లర్రీ (ముద్ద). వచ్చే వారం గైడ్ గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాతసీసా:
నీళ్లతో స్లర్రీ అన్నావు చూడు, అక్కడే పోయింది. అది ఉప్పు తమ్ముడూ, నీళ్లలో కరగబట్టే కదా నువ్వు ఇథనాల్‌లో దించగలిగావు. స్లర్రీ కలిపేటప్పుడు ఆ రేకులు కరిగిపోయి, ఫాయిల్ మీద ఆరేటప్పుడు దానికి నచ్చిన సైజులో మళ్లీ గడ్డకట్టి ఉంటాయి. పొడికి కాదు, ఆరిన ఎలక్ట్రోడ్‌కి సెమ్ తీయించు. పీవీడీఎఫ్ బైండర్, నీళ్లకి బదులు ఎన్‌ఎంపీ ద్రావకంతో ఒక బ్యాచ్ వేసి పోల్చి చూడు.

గ్లవ్‌బాక్స్_గోపి:
పైన చెప్పింది కరెక్టే. ఇంకోటి, ఈ పదార్థానికి కరెంటు సరిగా పారదు, ఉత్త నానో చేస్తే చాలదు, ఇథనాల్‌లో ముందే సూపర్ పి కలిపి ఉంచి దాని మీదకే దించు. అయితే ఆ 140లో కార్బన్ వాటా కూడా ఉంటుంది, కార్బన్, బైండర్ మాత్రమే ఉన్న సెల్ ఒకటి నడిపి అది తీసెయ్, రివ్యూయర్లు మొదట అడిగేది అదే. ఉపరితలం పెరిగితే మొదటి సైకిల్‌లో ఎలక్ట్రోలైట్ ఎక్కువ విరుగుతుంది, ఆ నష్టం ఎలాగూ తప్పదు.

సందేహరావు:
సోడియం బ్యాటరీల్లో మామూలుగా వాడే యానోడ్ హార్డ్ కార్బన్ 300 దాకా ఇస్తుంటే ఈ తిప్పలన్నీ ఎందుకండీ?

పాతసీసా:
హార్డ్ కార్బన్‌లో సగం పైగా సున్నా వోల్టు దగ్గరే వస్తుంది, తొందరగా చార్జ్ చేస్తే సోడియం లోహం పేరుకుంటుందని భయం. ఈ టెరెఫ్తాలేట్ 0.3, 0.4 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. పైగా టెరెఫ్తాలిక్ ఆమ్లం అంటే మన వాటర్ బాటిల్ పెట్ ప్లాస్టిక్ ముడిసరుకే. కాథోడ్ వైపు చూస్తే 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు సోడియం రోడిజొనేట్ అనే ఇంకో ఆర్గానిక్ ఉప్పులో, లెక్క ప్రకారం గ్రాముకి 501 మిల్లీయాంప్ అవర్ రావాల్సిన చోట 484 రాబట్టారు, అక్కడ కూడా కణాల సైజు, ఎలక్ట్రోలైట్ రెండూ కుదిరితేనే అంత వచ్చింది.

కాయిన్‌సెల్_కష్టాలు:
అన్నా, ఇవాళ ఎలక్ట్రోడ్ సెమ్ తీయించా. రేకులు లేవు, మైక్రాన్ల సైజు ఇటుకలు. ఎన్‌ఎంపీ బాటిల్ వెతుకుతున్నా.