అందరూ తినేలా ఒకే వంట, ఏం చేయమంటారు?

నమస్తే అండీ. మా ఆవిడకి నాలుగో నెల. పోపు వాసనకే కడుపులో తిప్పుతోందంటే పొయ్యి దగ్గర పని నేనే తీసుకున్నాను. ఇంట్లో బీపీ ఉన్న మా అమ్మ, ఆకుకూర కనిపిస్తే కంచం పక్కకి తోసేసే మా పాప కూడా ఉన్నారు. ముగ్గురికీ వేర్వేరుగా వండటం ఆఫీసు రోజుల్లో నా వల్ల కావడం లేదు.

మా ఆవిడకి రక్తం కాస్త తక్కువుందని డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. కాల్షియం మాత్ర వాటితో కలిపి వేయొద్దని, తిన్న వెంటనే టీ తాగొద్దని చెప్పారు. విటమిన్ సి ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుందని ఆకుకూర పప్పు దింపాక నిమ్మరసం పిండుతున్నాను. గుడ్డు పూర్తిగా ఉడికించే పెడుతున్నాను. కానీ రోజూ ఇవే అయ్యేసరికి తనకి మొహం మొత్తేసింది.

ఉప్పు తక్కువగా, ఘాటు లేకుండా, ఒకే గిన్నెలో అయిపోయేవి మీరేం వండుతారు? తను ఒకేసారి ఎక్కువ తినలేదు, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తింటుంది. 'ఇద్దరి తిండి తినాలి' అన్న సలహా మాత్రం వద్దండీ, అది మా అమ్మ పూటపూటకీ చెబుతూనే ఉంది.