అమ్మే ముందు ఇంటికి రంగులు వేయించాలా, ఉన్నది ఉన్నట్టు చూపించాలా?

పాతతాళం:
ఉద్యోగం వేరే ఊరికి మారింది, రెండు నెలల్లో ఇల్లు అమ్మేసి వెళ్లాలి. 14 ఏళ్ల కిందట మేమే దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు. మా బావగారేమో లోపలా బయటా రంగులు కొట్టించి, కిచెన్‌లో కొత్త కప్‌బోర్డులు పెట్టిస్తే వచ్చినవాళ్లు మారు మాట్లాడకుండా కొంటారంటున్నారు. మా ఆవిడ ఏమీ ఖర్చు పెట్టొద్దు, అదేదో ధరలోనే తగ్గించేద్దాం అంటోంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బాత్రూమ్‌ని ఆనుకున్న బెడ్‌రూమ్ గోడకి, నేల నుంచి జానెడు ఎత్తులో చెమ్మ మరక ఉంది, రెండు అరచేతులంత. అక్కడ రంగు బుడగలు లేచింది, గోటితో గీరితే తెల్లగా ఉప్పులా రాలుతోంది. పుట్టీ పెట్టి పైన రెండు కోట్లు వేస్తే ఆరు నెలల దాకా కనబడదని పెయింటర్ అన్నాడు. ఏం చేయమంటారు?

రంగులడబ్బా:
రంగులు వేయించండి, ఇందులో రెండో ఆలోచనే వద్దు. మా ఇల్లు నాలుగు నెలలు అలాగే పడి ఉంది, వచ్చినవాళ్లంతా హాల్లోంచే వెనక్కి వెళ్లిపోయేవారు. లేత రంగు వేయించి, సగం సామాను తీసేశాక మూడు వారాల్లో అడ్వాన్స్ చేతికొచ్చింది. గడప దాటగానే మనసులో ఒక అభిప్రాయం పడిపోతుంది, ఆ తర్వాత మీరెంత చెప్పినా మారదు. చెమ్మ అంటారా, ఏ ఇంట్లో లేదండీ? మరక కనబడితే బేరం అక్కడే ఆగిపోతుంది. కొట్టించేయండి.

కొన్నవాడిని:
అలా కొట్టించిన ఇల్లు కొన్నవాడిని నేను. చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలన్నీ కాస్త మాసి ఉన్నాయి, ఒక్క గోడ మాత్రం తెల్లగా మెరిసిపోతోంది, పిల్లలు గీతలు గీశారని చెప్పారు. నమ్మాను. చేరిన మూడో నెలలో బీరువా పక్కకి జరిపితే వెనక రంగంతా పొరలా ఊడి చేతికొచ్చింది, బీరువా అడుగు తుప్పు పట్టి ఉంది. మా అమ్మాయి సర్టిఫికెట్లు ఆ కింది అరలోనే ఉండేవి. ఖర్చు సంగతి పక్కన పెట్టండి, ఆ మనుషులు నా ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పారన్నది నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. అన్నట్టు, చాలాచోట్ల తెలిసి లోపం దాచి అమ్మితే కొన్నవాళ్లు కోర్టుకి కూడా వెళ్లొచ్చు.

తాపీచెయ్యి:
ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది, కాబట్టి గోడ సంగతి నేను చెప్తాను. ఆ తెల్లగా రాలేది ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణం. గోడలోకి చేరిన నీళ్లు దాన్ని కరిగించుకుని బయటికి వస్తాయి, నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. దాని మీద రంగు వేస్తే ఆ పొర వెనకాల మళ్లీ ఉప్పు పేరుకుని రంగుని తోసేస్తుంది. పెయింటర్ చెప్పిన ఆరు నెలలు కూడా నిలవదు, వానాకాలం వస్తే వారాల్లోనే బయటపడుతుంది.

ముందు నీళ్లు ఎక్కణ్ణించో తేల్చుకోండి. రాలే రంగు గీకేసి, మరక మీద ఒక ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించి, రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలి వైపు నీటిబొట్లు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోందని, గది వైపు ఉంటే గదిలోని తేమ చల్లటి గోడకి పట్టిందని అర్థం. గోడలోంచే అయితే, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడండి. అయినా ముల్లు కదులుతుంటే పైపు ఎక్కడో కారుతోంది. కదలకపోతే ఆ బాత్రూమ్ వారం, పది రోజులు వాడకుండా ఉంచండి. మరక ఎండడం మొదలైతే టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ పోయి ఉంటుంది, లేదా నీళ్లు పోయే జాలీ చుట్టూ సందు పడి ఉంటుంది. ఇది చిన్న పని, రెండు రోజుల్లో అయిపోతుంది. ఇది తేలకుండా పుట్టీ డబ్బా మూత తీయనివ్వకండి.

రంగులడబ్బా:
మేస్త్రీ గారూ, మీరన్నది కాదనను. కానీ ఆయనకున్నది రెండు నెలలే. లీకు ఆపినా గోడ ఆరొద్దా? తడి గోడ ఆరాలంటే అంగుళం మందానికి నెల పడుతుందని మీవాళ్లే లెక్క చెప్తారు. ఆ లెక్కన నాలుగున్నర అంగుళాల గోడ ఎప్పటికి ఆరేను, ఆయన ఎప్పటికి అమ్మేను?

తాపీచెయ్యి:
నిజమే, గోడ మొత్తం ఆరడానికి అంత పడుతుంది. ఆరేదాకా ఆగమని నేననలేదే! చెమ్మ పట్టిన ప్లాస్టర్ కొట్టించి, ఇటుక కనబడేలా వదిలేసి, ఏం చేయించారో కొనేవాళ్లకి చూపించమంటాను.

లెక్కలమాస్టారు:
నేను ఆర్థికశాస్త్రం చెప్తాను, అటువైపు నుంచి ఒక మాట. 1970లో జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల అమ్మకాల మీద ఒక వ్యాసం రాశారు, 2001లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ రావడానికి ముఖ్యమైన కారణం అదే. అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలిసే దారి లేనప్పుడు, కొనేవాడు ప్రతి బండినీ అనుమానంతోనే చూసి తక్కువకే అడుగుతాడు, దాంతో మంచి బండి ఉన్నవాడు కూడా నష్టపోతాడు. ఇల్లూ అంతే. ఒక్క గోడకి కొత్త రంగు కనబడితే మిగతా గోడల వెనక ఏముందో అని భయం మొదలవుతుంది. ప్లంబర్ బిల్లు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు ముందు పెడితే ఆ భయం పోతుంది.

కిచెన్ మాత్రం ముట్టుకోవద్దు. మీకు నచ్చిన కప్‌బోర్డులు కొనేవాళ్లకి నచ్చాలని లేదు, పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రావడం అరుదు. ధర కూడా మొదటి రోజే సరిగ్గా చెప్పండి. ఎక్కువ చెప్పి నెలనెలా తగ్గిస్తూ పోతే ఇంట్లో ఏదో లోపం ఉందనే అనుకుంటారు.

మూడిళ్లు మారాం:
మీ ఆవిడగారి మాట మీద నాకో అభ్యంతరం. ధర తగ్గిస్తే సరిపోదండీ. బొట్టుబొట్టు కారే కుళాయి, వదులైన స్విచ్, కిర్రుమనే తలుపు, వెలగని బల్బు, ఇవి ఒక్కొక్కటీ గంట పని. కానీ వరసగా నాలుగు కనబడితే ఈ ఇంటిని ఎవరూ పట్టించుకోలేదని మనసులో పడిపోతుంది, ఇక ఎంత తగ్గించినా వాళ్ల లెక్క దానికి రెట్టింపు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, కరెంటు లీకైతే తనంతట తానే పడి సరఫరా ఆపేసే లీకేజీ బ్రేకర్ ఉందో లేదో, టెస్ట్ బటన్ నొక్కితే పడుతుందో లేదో కూడా చూపించుకోండి. అది 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా పడాలి.

ఇంకోటి, వాసన. మన ఇంటి వాసన మన ముక్కుకి తెలియదు, అలవాటైపోతుంది. బయటివాళ్లని ఒకరిని పిలిచి నిజం చెప్పమనండి. రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి, ఏదో దాస్తున్నారనుకుంటారు. ఫోటోలు పగటి వెలుగులో, కర్టెన్లు తీసి, ఛాతీ ఎత్తులో ఫోన్ ముందుకీ వెనక్కీ వంచకుండా పట్టుకుని, గోడలు వాలినట్టు కనబడకుండా తీయండి.

పాతతాళం:
అందరికీ థాంక్స్, చేసినవి చెప్తాను. ప్లాస్టిక్ కాగితం అంటించాం, రెండో రోజు ఉదయం తీస్తే లోపలి వైపంతా చెమటలా నీటిబొట్లు. మీటరు కదల్లేదు. బాత్రూమ్ తొమ్మిది రోజులు తాళం వేశాం, మరక అంచులు తెల్లబడ్డాయి. మేస్త్రీ వచ్చి జాలీ తీసి చూస్తే, చుట్టూ సిమెంటు పోయి వేలు పట్టేంత సందు ఉంది. సందు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూశారు, చుక్క దిగలేదు. బెడ్‌రూమ్ వైపు ప్లాస్టర్ మోకాలి ఎత్తు దాకా కొట్టించాం. హాలుకి మాత్రం రంగు వేయించాను, రంగులడబ్బా గారి మాట అక్కడ సబబే అనిపించింది. కప్‌బోర్డులు మానుకున్నాం, బావగారికి కాస్త కోపం వచ్చింది.

రేపు పదింటికి ఒక కుటుంబం చూడ్డానికి వస్తోంది. రాత్రి మా ఆవిడ బీరువా ఆ గోడకి జరుపుదామా అని అడిగింది. కాసేపు ఇద్దరం ఆ ఇటుకల వంక చూస్తూ నిలబడ్డాం. జరపలేదు. బిల్లు, ఫోటోలు కిటికీ గట్టు మీద పెట్టాను.