ఈ వారం సమస్య: పురుగు కాని పురుగు పొట్ట నింపె

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తా వస్తా ఒక జిప్పు కవరు తెచ్చినాడు. లోపల చిటికెన వేలంత రబ్బరు పురుగులు. ఒళ్ళంతా గీతలు, వెనకాల కొడవలి మాదిరి వంకర తిరిగిన పల్చని తోక. గ్రబ్బులంట. అక్కడ బాస్ చేపను పట్టేదానికి వాడతారంట. కవరు తెరిస్తే గుప్పున సోంపు వాసన. మాయమ్మ భోంచేసి నమిలేదేమో అనుకొని ఒకటి చేతిలోకి తీసుకునింది కూడా. ఆ క్షణంలో తగిలింది ఈ పాదం.

సమస్య: పురుగు కాని పురుగు పొట్ట నింపె

ఇదే ఆఖరి పాదంగా వచ్చేటట్టు ఆటవెలది పద్యం రాయండి. గాలం, చేప, రబ్బరు దాటి పోవద్దండి. పొట్ట ఎవరిదనేది మీ ఇష్టం. ఆదివారం రాత్రి దాకా గడువు.

హంద్రీ ఒడ్డు:
బోణీ నాదే.

తోక తిప్పికొనుచు తుంగభద్ర నడుమ
రంగు రబ్బరొకటి రాగ జూచి
మింగె కొర్రమేను, మెల్లగ లాగితి;
పురుగు కాని పురుగు పొట్ట నింపె

పొట్ట నాదే. ఇంట్లో పులుసు కూడా అయిపోయింది.

జీడిపల్లి గాలం:
పద్యం చక్కగా నడిచిందన్నా. "మెల్లగ" అన్న మాట గాలం పట్టినోడే రాయగలడు. గ్రబ్బును గుంజకూడదు. నీళ్ళలో వదిలి అడుగు తాకనిచ్చి, నింపాదిగా చుట్టుకుంటా వస్తే తోక దానంతట అదే ఆడతాది. చానాసార్లు అది కిందికి దిగేటప్పుడే చేప అందుకుంటుంది, దారం వదులైనట్టు కనిపిస్తే అదే లెక్క. కానీ కొర్రమేను తుంగభద్ర నడుమ ఏం చేస్తాండాదన్నా? అది పారే నీళ్ళ చేప కాదు. చెరువు అంచున, తామరాకుల కింద, జమ్ము మొదట్లో ఉంటాది. పైకొచ్చి గాలి పీల్చుకొని పోతాది.

హంద్రీ ఒడ్డు:
సుంకేసుల ఆనకట్ట దగ్గర నీళ్ళు నిలబడే ఉంటాయి తమ్ముడూ. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరం "తో"కు నడుమ జోడీ అక్షరం పడాలని, తుంగభద్ర కావాల్సి వచ్చింది, చేప సర్దుకుంటాది.

గండికోట గువ్వ:
యతి కోసం చేపను నదిలోకి తోలినారు. పోయిన ఎండాకాలం ఎద్దును తోలినట్టే.

పాణ్యం పంతులు:
గువ్వగారూ, ఎద్దు సంగతి మళ్ళీ ఎందుకు? తెలియని కొత్తవాళ్ళకు చెబుతా. అప్పటి సమస్య "ఎద్దు పాలు పిండె నింతి నవ్వి". హంద్రీగారు పై పాదాన్ని "దుక్కి దున్నె" అని ముగించి, "నెద్దు, పాలు పిండె నింతి నవ్వి" అని విరిచారు. ఎద్దు దున్నింది, పాలు పిండింది ఇంతి. నాకైతే ఇప్పటికీ ఆ విరుపు ఇష్టమే.

గండికోట గువ్వ:
విరుపు బాగుందని నేనూ ఒప్పుకున్నా పంతులుగారూ. సమస్యలో మొదటి అక్షరం "ఎ". ఆయన దాన్ని "నె" చేసినాడు. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదని ఈ బురుజన్నే నియమం పెట్టినాడు గదా.

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
ద్రుతం, అంటే పై మాట చివరి "న్", చేరితే ముట్టుకున్నట్టు కాదని అప్పుడే తేల్చినా. ఆ ఎద్దును కట్టేయండి. తరువాతి పూరణ ఎవరిది?

అలగనూరక్క:
నాది. బురుజు తమ్ముడు చెప్పిన రబ్బరు పురుగు పుట్టిల్లు తెలుసా? ఒహాయోలో యాక్రన్ అనే ఊరు, టైర్లకు పేరుమోసిన ఊరు. అక్కడ నిక్ క్రీమ్ అనే ఆయన, భార్యతో కలిసి 1949లో వంటింటి పొయ్యి మీద కరగబెట్టి అచ్చు పోసినాడు. రబ్బరు అంటున్నాం గానీ నిజానికి అది మెత్తబరిచిన ప్లాస్టిక్.

ఆక్రనూరిలోన నాలుమగలు కూడి
వంటగదిని కాచి వార్చిరంట;
నమ్మి చేప చచ్చె, నమ్మి వారు మనిరి;
పురుగు కాని పురుగు పొట్ట నింపె

హంద్రీ ఒడ్డు:
అక్కా! మూడో పాదం!! మొదటి "నమ్మి" చేపది, రెండోది "చచ్చెను, అమ్మి". నమ్మిన చేప పోయింది, అమ్మినోళ్ళు బతికినారు. ఇంతకంటే ఏం కావాల?

జీడిపల్లి గాలం:
"ఆక్రనూరు" అంటే కర్నూలు పక్కన పల్లెటూరేమో అనుకున్నా.

గండికోట గువ్వ:
అందరూ చప్పట్లు కొట్టేముందు ఒక్క నిమిషం. మూడో పాదంలో యతి చూడండి. మొదట "నమ్మి", నకారం. నాలుగో గణం (పాదంలో అక్షరాల గుంపు) మొదట ఉన్నది "అమ్మి". మీద పడ్డ న్ "చచ్చెను"లోది. అక్కడ యతి చెల్లాల్సింది అకారానికి, నకారానికి కాదు. చమత్కారం మోజులో అక్క యతిని మింగేసింది.

అలగనూరక్క:
గువ్వ తమ్ముడు కాచుకొనే ఉంటాడని తెలుసు.

పాణ్యం పంతులు:
గువ్వగారు చెప్పిన సూత్రం అక్షరాలా నిజం. అయితే అది అక్షరయతికి. ఆటవెలదిలో ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం, కూడా చెల్లుతుంది కదా. రెండు చోట్లా రెండో అక్షరం "మ్మి", ముందున్నది రెండు చోట్లా గురువు (బరువుగా పలికే అక్షరం). పాదం నిక్షేపంగా ఉంది. పైగా ప్రాసయతి వేస్తూ అక్షరయతి వేసినట్టు కనిపించేలా రాసిందే, ఆ గడుసుతనానికి నా నమస్కారం.

గండికోట గువ్వ:
ప్రాసయతి అయితే సరే. కానీ నాలుగు పాదాల్లో ఒక్కదానికే ప్రాసయతి వేస్తే చెవికి కాస్త కుంటినట్టుంది.

హంద్రీ ఒడ్డు:
కుంటింది పాదం కాదులే సామీ.

జీడిపల్లి గాలం:
బాస్ అన్నారు గాబట్టి ఒక మాట. లార్జ్‌మౌత్ బాస్ అంటే పేరుకు తగ్గట్టు పెద్ద నోరు, పై దవడ కన్ను దాటి వెనక్కి పోతాది. పండ్లు ఇసుక కాగితం మాదిరి సన్నగా ఉంటాయి, బొటనవేలు నోట్లో పెట్టి పైకెత్తేస్తారు. మన కొర్రమేను దగ్గర ఆ పని చేస్తే వేలు దాని దగ్గరే ఉంటాది. అందుకే గ్రబ్బు ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. కొర్రమేను ఒకటి రెండు పట్లకే తోక కొరికేస్తాది. మనోళ్ళు బోలు రబ్బరు కప్పను వాడేది అందుకే, గడ్డి మీద కూడా చిక్కుకోకుండా జారతాది.

ఇంకోటి. జిగ్ తల (సీసం తల ఉన్న గాలం) ముల్లును గ్రబ్బు ఒంట్లోకి నిలువునా, సరిగ్గా నడుమ నుంచి తీయాల. ఒక పక్కకు పోయిందా, అది నీళ్ళలో బొంగరం తిరుగుతాది, దారమంతా ముడులు. బురుజన్నా, ఆ కవర్లో వాటిని తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోయొద్దు, కొన్ని రకాల డబ్బాలు కరిగి అంటుకుపోతాయి. ఎర్రవీ తెల్లవీ కలిపినా రంగు దిగుతాది.

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
పోసేసినా తమ్ముడూ. పోయి చూస్తా.

గండికోట గువ్వ:
ఇదిగో నాది. మైలవరం జలాశయం గట్టు మీద కూర్చొని రాసింది. కల్పన కాదు.

మైలవరము నీట మాటేసి కూర్చుంటి
పొద్దు వాలె గాని పొడవదాయె
ఉప్పు నద్ది వేస్తే నొక్కటే గుటకాయె
పురుగు కాని పురుగు పొట్ట నింపె

గ్రబ్బులో ఉప్పు కలిపి పోస్తారు, తెలుసా? నోట్లోకి పోయినాక రుచి తగిలితే చేప వెంటనే ఉమ్మేయదు, ముల్లు దిగే లోపల కాస్త సమయం దొరుకుతుంది. నా దగ్గర ఉప్పు లేని రకం ఉండె, ఇంటి ఉప్పే అద్దినా.

అలగనూరక్క:
"పొద్దు వాలె గాని పొడవదాయె" పాదం నిజంగా బాగుంది తమ్ముడూ. గాలం వేసి కూర్చున్నోళ్ళ విసుగంతా అందులో ఉంది.

మూడో పాదం మూడో గణం ఇంకోసారి చదువుకో.

హంద్రీ ఒడ్డు:
వే-స్తే. రెండూ గురువులే! అక్కడ ఉండాల్సిన సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) యాడికి పోయింది? గుటకాయె!

గండికోట గువ్వ:
అది "వేస్తె". మా పక్క హ్రస్వమే పలుకుతారు. ఫోను దానంతట అది దీర్ఘం చేసింది.

పాణ్యం పంతులు:
"వేస్తె" అయితే గణం కుదిరింది, సంతోషం. ఇక ఒక చిన్న సందేహం. "వేస్తె" తరువాత "ఒక్కటే" వస్తే "వేస్తె యొక్కటే" కావాలి. మీరు "నొక్కటే" అన్నారు. ఆ నకారం ఎక్కడిది? "వేయన్" అంటే ద్రుతం ఉంది, "వేయ నొక్కటే" అవుతుంది. నాకేమనిపిస్తోందంటే, మీరు మొదట "ఉప్పు నద్ది వేయ నొక్కటే గుటకాయె" అని నిర్దుష్టంగా రాసి, మాట్లాడే భాషలా ఉండాలని తరువాత "వేస్తే" చేశారు. ద్రుతం మాత్రం అక్కడే మిగిలిపోయింది.

హంద్రీ ఒడ్డు:
పంతులుగారూ, మీరు పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సిన మనిషి.

గండికోట గువ్వ:
"మాటేసి" అన్నాక "వేయ" అంటే పొత్తు కుదరదనుకున్నా. వ్యావహారికం వ్యావహారికంగానే ఉండాల. అభిప్రాయభేదం, అంతే.

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
"వేయ" అని దిద్ది ఉంచుతున్నా. కాదంటే చెప్పు.

ధర్మవరం మగ్గం:
ఆలస్యంగా వచ్చినా. నాకు చేపల సంగతి తెలీదు, తెలిసిన పురుగు ఒకటే.

గూటిలోన నిదుర గొనుచుండె సుఖముగ
ధర్మవరము మగ్గదారమాయె
నేతవాని యింట నిండెను కుండలు
పురుగు కాని పురుగు పొట్ట నింపె

పట్టుపురుగు గూడు కట్టుకున్నాక ఇంక పురుగు కాదు గదా, ప్యూపా అయితాది. ఆ గూడు నుంచే దారం.

అలగనూరక్క:
"పురుగు కాని పురుగు"కు అసలైన సమాధానం ఇదే. మేమంతా రబ్బరని గుడ్డిగా పోయినాం.

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
గాలం, చేప దాటొద్దని చెప్పినా గదప్పా. పద్యానికి వంక లేదు. గానీ నియమం నియమమే, పోటీ లెక్కలోకి రాదు.

ధర్మవరం మగ్గం:
పోటీకి కాదు సార్, ఊరికే.

జీడిపల్లి గాలం:
నాకు వచ్చేది అరకొర ఛందస్సే, అయినా ఒకటి.

తెగిన తాడు వదలి తెప్ప తరలిపోయె
అడుగు మట్టిలోన నణగియున్న
రబ్బరంత మింగె రవ్వంత యరుగదు
పురుగు కాని పురుగు పొట్ట నింపె

మీ అందరి పద్యాల్లో పొట్ట మనిషిదే. నాది చేపదే. నమిలి చిరిగిపోయిన గ్రబ్బును నీళ్ళలోకి విసిరేసి పోతారు. అది కుళ్ళదు, కరగదు. చేప మింగితే అరగదు, లోపల ఉబ్బి అట్లే ఉంటాది. కడుపు నిండినట్టే ఉంటాది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు.

పాణ్యం పంతులు:
సమస్యలో "నింపె" అన్న క్రియను ఉన్నదున్నట్టు తీసుకున్నది మీరొక్కరే.

గండికోట గువ్వ:
మూడో పాదానికి కర్త ఏడీ? పద్యం మొత్తం వెతికినా చేప అన్న మాటే లేదు.

జీడిపల్లి గాలం:
చేపల పద్యంలో చేప గాక ఎనుము మింగుతాదా అన్నా?

హంద్రీ ఒడ్డు:
గువ్వన్నా, నీళ్ళ అడుగున రబ్బరు మింగేది ఎవరో నీకు తెలీదంటే నేను నమ్మను. నమ్మి చేప చచ్చె.

గండికోట గువ్వ:
ఆ పాదం మాత్రం నీది కాదులే, అక్కది.

కొండారెడ్డి బురుజు (నిర్వాహకుడు):
ఈ వారం నా ఓటు అలగనూరక్క మూడో పాదానికి, జీడిపల్లి తమ్ముడి భావానికి చెరి సగం. జీడిపల్లీ, మూడో పాదంలోకి చేపను తెచ్చే దారి చూడు, గడువు ఇంకా ఉంది. గువ్వా, మైలవరంలో పడింది ఏ చేపో చెప్పనే లేదు.

గండికోట గువ్వ:
జెల్ల.

హంద్రీ ఒడ్డు:
జెల్లకు ఉప్పద్దిన గ్రబ్బు ఎందుకు సామీ, పిండి ముద్ద వేసినా వస్తాది!