అప్‌డేట్: సండే స్కూలు పిల్లలకు పాటలు, బొమ్మలు

గత నెల మిమ్మల్ని అడిగాను కదా, మా సండే స్కూలు పిల్లలకు పాటలతోపాటు బొమ్మలు గీయడమూ నేర్పుతానంటే, అది రెండో ఆజ్ఞకు (విగ్రహాలు, రూపాలు చేసుకోకూడదన్నది) విరుద్ధమని ఒక సంఘపెద్ద అభ్యంతరం చెప్పారని. బైబిల్లో నిర్గమకాండము చదవమన్నారు ఒకరు. చదివాను. 28వ అధ్యాయంలో యాజకుని అంగీ అంచున నీల, ధూమ్ర, రక్తవర్ణాల దానిమ్మపండ్లు, వాటి నడుమ బంగారు గంటలు! 31లో దేవుని గుడారం పనులు చేసిన కళాకారుడు బెసలేలుకు పనితనం దేవుడిచ్చిన వరమే. పెద్దాయనకు చూపించాను. “పూజకు కాదు కదా, కానివ్వమ్మా” అన్నారు.

ఆ అంగీ అంచే మా మొదటి బొమ్మ. దానిమ్మకు నీలం రంగేమిటని ఒక పాప అలిగింది. చివరికి అందరికంటే ఎక్కువ నీలం పూసింది తనే.

పాటలు మాత్రం సాఫీగా సాగలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇన్నేళ్లూ నేను వాటిని పట్టించుకోనేలేదు (సిగ్గుగానే ఉంది). తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తన ఎత్తుకునే ముందు ఆదితాళం వేయించాను. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆ తర్వాత రెండుసార్లు దెబ్బ, విసురు. వేళ్ల దగ్గరే సగంమంది పరుగందుకున్నారు. కీబోర్డు ఆపించాక కాస్త కుదిరింది. వచ్చే ఆదివారం ఒక్క చరణమే పెట్టుకున్నాను.