పాత నూలు చీరల బొంతకి ఏ సూది, ఏ దారం? (ఇంటి జిగ్‌జాగ్ మిషన్)

నీలిఅంచు:
నాలుగు పొరల బొంత. పైనా కిందా వెంకటగిరి నూలు చీరలు, లోపల రెండు వరసలు బాగా నలిగిన పాత చీరలు. కొలత 60 × 90 అంగుళాలు. మూడేసి అంగుళాలకో నిలువు గీత, గీతల మధ్య అక్కడక్కడా మామిడి పిందెలు. పిందెలకి మిషన్‌లో గుడ్డని జరిపే పళ్లు దించి, డార్నింగ్ ఫుట్‌తో (గుడ్డని ఎటైనా తిప్పనిచ్చే ఫుట్) చేత్తో తిప్పుతూ కుట్టాలి. సూది మామూలు 14 నంబరు. పైన ఎంబ్రాయిడరీ రేయాన్, బాబిన్‌లో టైలర్ దారం.

మూడు ఇబ్బందులు: పైదారం బెజ్జం దగ్గర పీచు లేచి తెగుతోంది. కుట్లు తప్పుతున్నాయి, చీర అంచుల మీద మరీ ఎక్కువ. అడుగున దారం ఉచ్చులు పడుతోంది. షాపులో 16 వేయమన్నారు. 18 వేస్తే ఇంకా నయమా? దారం ఎంత కొనాలో కూడా చెప్పండి.

సూదిబెజ్జం:
18 వద్దండి, 16 కూడా వద్దు. పొరలు ఎక్కువైతే లావు సూది అన్న లెక్క జీన్స్ గుడ్డకి సరిపోతుంది, నలిగిన చీరకి సరిపోదు. ప్యాకెట్ మీద 90/14 అంటే సూది కాడ మందం 0.9 మిల్లీమీటర్లు. 110/18 అంటే 1.1. వెంకటగిరి లాంటి సన్నని నేతలో అంత బెజ్జం పడితే ఉతికినా పూడదు. పాత గుడ్డయితే ఆ గీత వెంబడే చిరుగుతుంది.

మీరు మార్చాల్సింది సూది రకం, నంబరు కాదు. ఇంటి మిషన్ సూదుల ప్యాకెట్ మీద 130/705 హెచ్ అనో హెచ్‌ఎ×1 అనో ఉంటుంది. దాని పక్కన ఇంకో అక్షరం ఉందేమో చూడండి. క్యూ అంటే క్విల్టింగ్, జె అంటే జీన్స్, ఎం అంటే మైక్రోటెక్స్ (బాగా పదునైన సన్న మొన), ఎస్ అంటే సాగే గుడ్డకి. ఉత్త హెచ్ ఉంటే మామూలు సూది, దాని మొన కాస్త గుండ్రం. అది పోగుల్ని పక్కకి తోస్తూ దిగుతుంది కాబట్టి నాలుగు పొరల్లో దారి తప్పుతుంది. క్యూ సూది మొన సన్నగా సాగి ఉంటుంది, 75/11, 90/14 సైజుల్లో దొరుకుతుంది. ష్మెట్జ్ కంపెనీ వాటికైతే కాడ మీద ఆకుపచ్చ గీత. మీ బొంతకి 90/14 క్యూ. అది దొరకకపోతే 90/14 జె. ఎస్ సూది మాత్రం ముట్టుకోకండి.

సూది, దారం కుదిరాయో లేదో ఇలా చూడండి: ఓ జానెడున్నర దారం సూదికి ఎక్కించి, రెండు కొసలూ పట్టుకుని ఏటవాలుగా లాగి పట్టండి. సూది తనంతట తను తిరుగుతూ జారితే సరే. మధ్యలో ఆగితే ఆ దారానికి బెజ్జం చాలదు.

బిగించేటప్పుడు సూదిని పైదాకా తోసి మరీ స్క్రూ తిప్పండి. పొడుగు గాడి దారం ఎక్కించే వైపు, చదును వైపు దానికి ఎదురుగా. ఒక్క మిల్లీమీటరు కిందికి జారినా హుక్కుకి (కింద బాబిన్ దగ్గర పైదారాన్ని పట్టే కొక్కెం) దారం అందదు. కుట్టు తప్పడానికి సగం కారణం ఇదే.

కండె:
రేయాన్ తీసేయండి. మెరుపుంటుంది గానీ తడిస్తే బలం బాగా తగ్గుతుంది. బొంతేమో తడిపి, పిండి, ఎండలో ఆరేసే వస్తువు. మెరుపే కావాలంటే 40 నంబరు పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారం వాడండి, అదీ పిందెలకి మాత్రమే.

దారం నంబర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 50, 60 లాంటి నంబర్లలో అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. టెక్స్ లెక్కలో (వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములో ఆ అంకె) అంకె పెరిగితే లావు. టైలర్ షాపుల్లో దొరికే మామూలు స్పన్ పాలిస్టర్ 120 టికెట్ (ఇదీ దారం మందం నంబరే, పెరిగితే సన్నం), అంటే సుమారు 25 టెక్స్. 3000ని టికెట్ నంబరుతో భాగిస్తే టెక్స్ దాదాపుగా వస్తుంది. 75 టికెట్ అయితే 40 టెక్స్, దానికి 100/16 సూది కావాలి. మీకు 120 టికెట్టే చాలు, పైనా కిందా అదే. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి టెన్షన్‌తో (దారం బిగువు) కుస్తీ పట్టడం ఎందుకు?

ఎంత కావాలంటే: 20 గీతలు × 90 అంగుళాలు, అంటే 46 మీటర్ల కుట్టు. చుట్టూ అంచు రెండుసార్లు, 15 మీటర్లు. పిందె ఒక్కోటి 20 అంగుళాల చొప్పున 40 వేస్తే ఇంకో 20. మొత్తం 81. ఈ మందానికి కుట్టు పొడవుకి మూడింతల దారం (పైదీ కిందిదీ కలిపి) వేసుకోండి, 243 మీటర్లు. కొసలు, తెగినవి, బాబిన్‌లో మిగిలేవి పోను 300 ఉంచుకోండి.

రీలు పెట్టే తీరూ చూడండి. దారం ఒకదాని పక్కన ఒకటి వరసగా చుట్టి ఉంటే నిలువు కడ్డీకి పెట్టి పక్క నుంచి లాగాలి. ఏటవాలుగా, అల్లినట్టు చుట్టి ఉంటే పైకొస నుంచి రావాలి. తారుమారైతే పురి ఎక్కి ముడులు పడతాయి.

నూలుపోగు:
నూలు గుడ్డకి నూలు దారమే అందం అంటాను నేను. మెర్సరైజ్ చేసిన (మెరుపు, బలం కోసం క్షారంలో ముంచిన) 50 నంబరు రెండు పోగులది బాగా కుదురుతుంది, కుట్టు గుడ్డలో కలిసిపోతుంది. వారం వారం ఉతికే బొంతకైతే మాత్రం కండె గారు చెప్పిందే నిలుస్తుంది, ఒప్పుకుంటాను. నూలు దారానికి పీచు ఎక్కువ, బాబిన్ మార్చినప్పుడల్లా హుక్కు కింద బ్రష్‌తో దులపాలి. చేతి క్విల్టింగ్ అని అమ్మే మైనం పట్టించిన దారం మిషన్‌కి ఎక్కించకండి, ఆ మైనం టెన్షన్ బిళ్లల మధ్య పేరుకుంటుంది.

అంచుల మీద కుట్టు తప్పడానికి కారణం జరీ అయ్యుంటుంది. లోహపు పోగు తగిలిన సూది మొన వెంటనే మొద్దుబారుతుంది, ఆ తర్వాత జరీ లేని చోటా తప్పుతుంది. జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టండి. చీరల్లో గంజి ఉంటే రెండుసార్లు ఉతికి పోగొట్టండి.

సూదిబెజ్జం:
ఉచ్చుల సంగతి వదిలేశాను. ఉచ్చులు అడుగున పడితే తప్పు పైదారానిది. బాబిన్ స్క్రూ జోలికి పోకండి. ఫుట్ ఎత్తి (దించి ఉంటే టెన్షన్ బిళ్లలు మూసుకుని దారం వాటి మధ్యకి దిగదు) పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. టెన్షన్ 4 మీద మొదలుపెట్టి, అదే నాలుగు పొరల ముక్క మీద అర అంకె చొప్పున పెంచండి. తిన్నటి గీతలకి కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, వాకింగ్ ఫుట్ (పై పొరనీ కింది పొరతో పాటు జరిపేది) ఉంటే అదే.

నీలిఅంచు:
90/14 క్యూ, 120 టికెట్, జరీ తీసేశాక ముక్క మీద చూశాను. పీచు లేవడం లేదు, కుట్లు తప్పడం లేదు. టెన్షన్ 4.5. గీతల అడుగున శుభ్రం. పిందె వంపు దగ్గర మాత్రం కనురెప్ప వెంట్రుకల్లా చిన్న చిన్న ఉచ్చులు ఉన్నాయి.

సూదిబెజ్జం:
అది చేతి వేగం. వంపు దగ్గర తెలియకుండానే గుడ్డని గబుక్కున తిప్పుతాం. సూది ఇంకా గుడ్డలో ఉండగానే గుడ్డ జరిగిపోయి, పైదారం అడుగుకి లాక్కుపోతుంది. మిషన్ వేగం ఒకేలా ఉంచి, పిందె కొన దగ్గర చేయి నెమ్మది చేయండి. అప్పటికీ పడితే పిందెలకి మాత్రం టెన్షన్ 5 పెట్టి, గీతలకి వచ్చేటప్పుడు మళ్లీ 4.5కి తెచ్చుకోండి. ఎనిమిది గంటల కుట్టుకి ఒక సూది లెక్క, ఈ బొంతకి రెండు సూదులు దగ్గరుంచుకోండి.