పాత వైర్ల కాలింగ్ బెల్‌ను బాగు చేయించాలా, వైర్‌లెస్‌కు మారాలా?

ప్రశ్న

మా ఇంటి కాలింగ్ బెల్ ఇల్లు కట్టినప్పుడే గోడల్లో వైర్లు వేయించి బిగించినది. స్విచ్ నొక్కగానే ‘డింగ్’ అని, వేలు తీయగానే ‘డాంగ్’ అని రెండు స్వరాలు పలికే పాత రకం. చాలా ఏళ్లపాటు ఎవరూ దాని జోలికి పోవలసిన అవసరమే రాలేదు. ఈ మధ్య మాత్రం ఒకసారి నొక్కితే మోగుతుంది, ఇంకోసారి ఎంత గట్టిగా అదిమినా ఉలుకూ పలుకూ ఉండదు. వాన కురిసిన మర్నాడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువగా ఉంటోంది. మోగినప్పుడు కూడా ఒక్కొక్కసారి మొదటి స్వరం వినిపించి రెండోది రాకుండానే ఆగిపోతుంది. వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి నిలబడి చివరికి ఫోన్ చేసి పిలుస్తున్నారు.

దీన్ని పీకేసి వైర్‌లెస్ బెల్ పెట్టేద్దామని పిల్లలు అంటున్నారు. గోడలో వైరు బాగుండగా దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని వైరే పాడై ఉంటే గోడ పగలగొట్టించే ఓపికా లేదు. ఇంకో సంగతి, బెల్ హాల్లో ఉంది కాబట్టి మేడ మీది గదిలో తలుపు వేసుకుని కూర్చున్నవారికి అది బాగా మోగినా వినబడదు. లోపం స్విచ్‌లో ఉందా, బెల్‌లో ఉందా, వైరులో ఉందా అన్నది తేల్చుకోవడం ఎలా? మార్చక తప్పదంటే వైర్‌లెస్ బెల్ ఎంతవరకు నమ్మదగినది? అనుభవమున్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1

నేను వైరింగ్ పని చేస్తుంటాను. బాగు చేయించాలా, మార్చాలా అన్న ప్రశ్నకు ముందు తెలుసుకోవలసినది ఒకటి ఉంది: మీ బెల్‌కు నేరుగా ఇంటి కరెంటే వస్తోందా, లేక ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తగ్గిన వోల్టేజీ వస్తోందా? ఈ రెండూ పూర్తిగా వేరు. మెయిన్ బోర్డు దగ్గర గానీ, బెల్ పెట్టె లోపల గానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, దాని మీద 8, 12, 16, 24 వంటి వోల్టుల అంకె కనిపిస్తే, స్విచ్ వరకు సన్నని వైర్ల జత వెళుతూ ఉంటే, అది తక్కువ వోల్టేజీ బెల్. అలా కాక, లైట్ల స్విచ్‌లకు వాడేటంత మందమైన వైర్లు బయటి స్విచ్‌కు వెళుతూ, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా కనిపించకపోతే, వీధి వైపున్న ఆ స్విచ్‌లో పూర్తి ఇంటి వోల్టేజీ ఉన్నట్టే లెక్క. అనుమానం తీరనంతవరకు అందులో 230 వోల్టులు ఉన్నాయనే అనుకుని, మెయిన్ ఆపకుండా మూత విప్పవద్దు. టెస్టర్‌లో దీపం వెలగనంత మాత్రాన కరెంటు లేదని నమ్మడం కూడా మంచిది కాదు.

నేరుగా ఇంటి కరెంటుతో నడిచే రకమైతే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వానకు తడిసే చోట, తడిచేతులతో ఎవరు పడితే వారు నొక్కే మీటలో అంత వోల్టేజీ ఉండటం నాకు ఎప్పుడూ నచ్చదు. అటువంటి చోట ఆ లైనును లోపలే విడదీయించి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బెల్ గానీ వైర్‌లెస్ గానీ పెట్టించుకోమంటాను. విడదీసే పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

తక్కువ వోల్టేజీ రకమైతే మాత్రం తొందరపడి పీకవద్దు. మీరు చెప్పిన లక్షణాలలో, వాన తరవాత మొండికేయడం నూటికి తొంభై పాళ్లు బయటి స్విచ్‌నే పట్టిస్తోంది. ఎండకూ వానకూ బయట పడి ఉండేది అదొక్కటే. లోపలి రాగి పలకల మీద పచ్చని చిలుము పట్టి, నొక్కినా రెండూ సరిగా తాకవు. రెండో స్వరం రాకపోవడం వేరే కథ. బెల్ లోపల కాయిల్ మధ్యలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. కరెంటు రాగానే అది ఒక వైపు దూసుకెళ్లి ఒక పలకను కొడుతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టి రెండో పలకను కొట్టిస్తుంది. దుమ్ము, జిడ్డు పేరుకుని కడ్డీ బిగుసుకుంటే వెనక్కి వచ్చే ఊపు చాలక రెండో దెబ్బ పడదు. అంటే మీ ఇంట్లో ఉన్నది ఒక లోపం కాదు, రెండు.

మల్టీమీటర్ ఉంటే ఏసీ వోల్టులలో పెట్టి మూడు చోట్ల కొలవండి: ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ వోల్టేజీ వైపు, స్విచ్ రెండు స్క్రూల మధ్య, బెల్ దగ్గర రెండు వైర్ల మధ్య. అయితే ఈ కొలతలు ఒకసారి స్విచ్ వదిలేసి, ఒకసారి ఇంకొకరిచేత నొక్కించి తీయండి. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. మీటర్ తీసుకునే కరెంటు అతి స్వల్పం కాబట్టి, తుప్పు పట్టిన జాయింటు గుండా కూడా అది పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. బెల్ కాయిల్ కరెంటు లాగేటప్పుడే ఆ జాయింటు అసలు రంగు బయటపడుతుంది.

జవాబు 2

మేము కొంతకాలంగా వైర్‌లెస్ బెల్ వాడుతున్నాము కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. పెట్టుకోవడం నిజంగా సులభం. బయట మీట అతికించి, లోపల రిసీవర్‌ను ప్లగ్గులో పెట్టి, రెండింటినీ జత కలిపితే పని అయిపోతుంది. రిసీవర్‌ను ఏ గదిలోకైనా మార్చుకోవచ్చు, రెండో రిసీవర్ కూడా పెట్టుకోవచ్చు. మేడ మీద వినబడదన్న మీ ఇబ్బందికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

అట్టపెట్టె మీద రాసి ఉండే దూరాన్ని మాత్రం నమ్మవద్దు. అది అడ్డులేని బయలులో కొలిచినది. ఈ బెల్‌లలో చాలావరకు 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. కొన్ని దేశాలలో 315, 868 మెగాహెర్ట్జ్‌లలో పనిచేసేవీ ఉన్నాయి. మామూలు ఇటుక గోడను ఈ తరంగాలు బాగానే దాటుతాయి గానీ, ఇనుప చువ్వలు నిండిన స్లాబు, ఇనుప తలుపు, పెద్ద అద్దం, బీరువా వంటివి దారిలో ఉంటే బలం చాలా తగ్గిపోతుంది.

బ్యాటరీల విషయంలోనూ గమనించవలసినది ఉంది. మీట నొక్కినప్పుడే పనిచేస్తుంది కాబట్టి అందులోని బ్యాటరీ చాలాకాలం వస్తుంది; రిసీవర్ మాత్రం పిలుపు ఎప్పుడు వస్తుందో అని రాత్రింబవళ్లు వింటూనే ఉండాలి కాబట్టి, బ్యాటరీలతో నడిచే రిసీవర్‌లో అవి త్వరగా అయిపోతాయి. ప్లగ్గులో పెట్టే రిసీవర్‌కు ఆ బెడద లేదు, కానీ కరెంటు పోతే అదీ పోతుంది. మీటలోని బ్యాటరీ బలహీనపడినప్పుడు బెల్ ఒక్కసారిగా ఆగిపోదు. ముందు దూరపు గదిలో మోగడం మానేస్తుంది, దగ్గరి గదిలో మోగుతూనే ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే రిసీవర్ చెడిపోయిందని అనుకుంటారు. బ్యాటరీ అసలే అక్కరలేని మీటలు కూడా ఉన్నాయి: నొక్కే బలంతోనే లోపలి అయస్కాంతం కాయిల్ దగ్గర కదిలి, సంకేతం పంపడానికి చాలినంత కరెంటు పుడుతుంది. వాటిని టక్కుమనే వరకు పూర్తిగా నొక్కాలి. మెల్లగా తాకి వదిలేసే పిల్లలకూ వృద్ధులకూ అది కాస్త ఇబ్బంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మరో హెచ్చరిక. కొన్ని మీటలలో సీఆర్2032 వంటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగి, అది గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటలలోపే లోపలి కండ తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. మూత స్క్రూతో బిగించే రకాన్నే ఎంచుకోండి. తీసేసిన పాత బిళ్లను కూడా పిల్లలకు అందనివ్వకండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెయిన్ బోర్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కనిపించింది, దాని మీద 16 వోల్టులు అని ఉంది. స్విచ్ వదిలి ఉన్నప్పుడు అక్కడ 18 చూపిస్తోంది. ఎక్కువ రావడం లోపమేమోనని సందేహం. స్విచ్ స్క్రూల మధ్య కూడా దాదాపు అంతే ఉంది. స్విచ్ నొక్కి పట్టుకున్నప్పుడు ఆ స్క్రూల మధ్య అంకె ఒక్కచోట నిలవడం లేదు. ఒకసారి 1 కంటే తక్కువ, ఇంకోసారి 9, కొద్దిగా వేలు కదిపితే 14. బెల్ దగ్గర చూస్తే సరిగ్గా దీనికి ఎదురు: అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగుతోంది. దీని అర్థం ఏమిటి?

జవాబు 1 రాసినవారు మళ్లీ

ఇంతకన్నా స్పష్టమైన ఫలితం ఉండదు. ముందు 18 గురించి: బెల్ కరెంటు లాగనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తన మీద రాసిన దానికంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది లోపం కాదు. ఇక స్విచ్ సంగతి. మంచి స్విచ్‌ను నొక్కినప్పుడు దాని రెండు వైపుల మధ్య వోల్టేజీ దాదాపు సున్నా కావాలి, ఆ వోల్టులన్నీ బెల్‌కు చేరాలి. మీ స్విచ్ నొక్కినా 9, 14 వోల్టులు తన దగ్గరే ఆపేసుకుంటోంది, మిగిలినవే బెల్‌కు వెళుతున్నాయి. రెండు అంకెలు ఒకదానికొకటి ఎదురుగా కదలడమే అందుకు రుజువు. స్విచ్ సరిగా తాకిన క్షణంలో బెల్‌కు పూర్తి వోల్టేజీ అందుతోంది కాబట్టి గోడలోని వైరూ, ట్రాన్స్‌ఫార్మరూ నిక్షేపంగా ఉన్నాయి. గోడ పగలగొట్టే ప్రసక్తే లేదు.

వైరు విషయంలో మీ మనసు కుదుటపడటానికి ఒక లెక్క చెబుతాను. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్ల దూరం వెళ్లి తిరిగి వస్తే మొత్తం నిరోధం సుమారు 1 ఓం మాత్రమే. ఒక ఆంపియర్ పారినా దారిలో పోయేది 1 వోల్టు. చిలుము పట్టిన స్విచ్ ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు అడ్డుపడుతుంది. చెక్కుచెదరని రాగి తీగకు వయసు పెద్ద లెక్కలోది కాదు. పాడయ్యేది చివరలు, జాయింట్లు.

కాబట్టి స్విచ్ మార్చండి. పాతదాన్ని గీకి శుభ్రం చేస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ పైపూత పోయిన పలక మీద చిలుము మళ్లీ త్వరగానే పడుతుంది. కొత్తది బిగించేటప్పుడు వైరు కొసలను మెరిసే రాగి కనిపించే దాకా కత్తిరించి స్క్రూల కింద పెట్టండి, స్విచ్ వెనక నీరు చేరకుండా పై అంచున సీలెంట్ పూయండి, కింది అంచును మాత్రం వదిలేయండి. ఎలాగైనా లోపలికి చేరిన నీటికి బయటికి పోయే దారి కావాలి. లోపల చిన్న దీపం వెలిగే స్విచ్ కొంటే ఒక విషయం గుర్తుంచుకోండి: ఆ దీపపు కరెంటు నిరంతరం బెల్ కాయిల్ గుండానే పోతుంది. బెల్‌లో సన్నని గుంయ్‌మనే శబ్దం మొదలైతే దీపం లేని స్విచ్ పెట్టండి. మీట నొక్కుకుపోయి ఇరుక్కున్నా ఇలాంటి శబ్దమే వస్తుంది. అప్పుడు మాత్రం వెంటనే కరెంటు ఆపాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది.

రెండో స్వరం కోసం, కరెంటు ఆపి బెల్ మూత తీసి కడ్డీని వేలితో నెట్టి చూడండి. స్ప్రింగు దాన్ని చురుగ్గా వెనక్కి తేవాలి. బిగుతుగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో కడ్డీని, అది కదిలే గొట్టాన్ని తుడవండి. దయచేసి నూనె వేయవద్దు. ఆ వారం బాగా మోగుతుంది గానీ ఆ నూనెకే దుమ్ము అంటుకుని కడ్డీ మళ్లీ బిగుసుకుంటుంది.

జవాబు 3

మేడ మీది గది గురించి ఒక మాట. ఉన్న బెల్‌ను తీయకుండానే దానికి వైర్‌లెస్‌ను జోడించే చిన్న ట్రాన్స్‌మిటర్లు దొరుకుతాయి. దాన్ని బెల్ లోపల అదే రెండు స్క్రూలకు కలిపితే, బెల్‌కు వోల్టేజీ అందిన ప్రతిసారీ అది మేడ మీది రిసీవర్‌ను కూడా మోగిస్తుంది. బయటి స్విచ్ ఒక్కటే, అందులో బ్యాటరీ ఉండదు. రేపు రిసీవర్ పాడైనా కింది బెల్ యథాప్రకారం మోగుతుంది. కొనేముందు అది మీ 16 వోల్టుల ఏసీకి సరిపోతుందో లేదో చూసుకోండి. మా ఇంట్లో పెద్దావిడకు వినికిడి తక్కువ కాబట్టి శబ్దంతో పాటు కాంతి కూడా మిలమిలలాడే రిసీవర్ పెట్టాము. నిద్రలో కాకపోయినా, మెలకువగా ఉన్నప్పుడు తలుపు దగ్గర ఎవరో వచ్చారని ఆవిడ ఇంకొకరు చెప్పనక్కరలేకుండా తెలుసుకోగలుగుతున్నారు. ఆ సౌకర్యాన్ని వైర్ల బెల్ ఒక్కటే ఇవ్వలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

స్విచ్ మార్చాను, కడ్డీ తుడిచాను, రెండు స్వరాలూ పలుకుతున్నాయి. నొక్కినప్పుడు స్విచ్ దగ్గర వోల్టేజీ ఇప్పుడు సున్నాకు దగ్గరగా ఉంది. మేడ మీదికి ట్రాన్స్‌మిటర్ పెట్టాలని నిశ్చయించుకున్నాము. అదే రిసీవర్‌కు వీధి గేటు దగ్గర ఇంకో వైర్‌లెస్ మీట కూడా కలపవచ్చా? గేటు ఇనుముది.

జవాబు 2 రాసినవారు మళ్లీ

కలపవచ్చు, రెండూ ఒకే తయారీదారు ఒకే శ్రేణిలోవి అయితే. గేటుకు ఒక పాట, తలుపుకు ఒక పాట పెట్టుకుంటే ఎక్కడ నొక్కారో లోపలే తెలుస్తుంది. మీటను ఇనుము మీద నేరుగా అతికించవద్దు. వెనకనున్న లోహం యాంటెన్నా పనిని చెడగొట్టి దూరాన్ని తగ్గించేస్తుంది. గేటు పక్కన ఇటుక స్తంభం ఉంటే దాని మీద పెట్టండి, లేకపోతే మీటకూ ఇనుముకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల చెక్క గానీ ప్లాస్టిక్ గానీ ఉంచండి. వానలో ఉంటుంది కాబట్టి కనీసం ఐపీ44 అని రాసి ఉన్న మీట తీసుకోండి. నీటి తుంపరలను అది తట్టుకుంటుంది. ముందు తాత్కాలికంగా టేపుతో అతికించి, మేడ మీది తలుపు మూసి, గేటు కూడా మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నొక్కి చూడండి. రెండు సార్లూ మోగిన చోటే స్క్రూలు బిగించండి.